ప్రొద్దుటూరు నుంచి తాడిపత్రికి బతికున్న చేపలు తేవాలి: 26 తెస్తే మూడు మిగిలాయి, తప్పు ఎక్కడ?

చీనీతోట_తాడిపత్రి | 9 ఫిబ్రవరి, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు చేతులు కాలాయి కాబట్టి ఆకుల కోసం వచ్చాను.

తాడిపత్రి దగ్గర మాకు ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. డ్రిప్ కోసం తవ్వించిన కుంట 30 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, నడుమ మూడు మీటర్ల లోతు. అడుగున ప్లాస్టిక్ షీటు, నింపేది బోరు నీళ్ళతో. సెలవులకు వచ్చే పిల్లలు గాలం వేసుకుంటారని, నాకూ ఆ పిచ్చి కొంత ఉందని చేపలు వేద్దామనుకున్నాను. ప్రొద్దుటూరు వైపు మా మేనమామకు సొంత కుంట ఉంది. కొర్రమీనులు, శీలావతి, బొచ్చెలు దండిగా ఉన్నాయి.

జనవరిలో వెళ్ళి వల వేయించి, అరకిలో నుంచి కిలో దాకా ఉన్నవి 26 ఏరుకున్నాను. 200 లీటర్ల నీలం డ్రమ్ములో వేసి టాటా ఏస్‌లో బయల్దేరాను. దారిలో చిందుతాయని నీళ్ళు సగం వరకే పోశాను. రెండు గంటల ప్రయాణం. ఇంటికొచ్చి మూత తీస్తే పైన సబ్బు నురగ లాంటిది, దాని కింద 11 తేలి ఉన్నాయి. మిగిలిన 15 ఈదుతున్నాయి కదా అని కుంటలో వదిలాను. నాలుగో రోజుకు మూడు మిగిలాయి. మూడూ కొర్రమీనులే.

ఎండలు ముదరక ముందే ఇంకోసారి వెళ్ళాలి. దారిలో చేపలు చావకుండా ఏం చేయాలి?

పులుసుప్రియుడు | 9 ఫిబ్రవరి, రాత్రి 8:52

ఆ 11 ఏం చేశారు అన్నా?

చీనీతోట_తాడిపత్రి | 9 ఫిబ్రవరి, రాత్రి 8:55

మీరు అడుగుతారని తెలుసు. పాతిపెట్టాను. డ్రమ్ము వాసన చూశాక తినబుద్ధి కాలేదు.

కేసీకాలువ | 9 ఫిబ్రవరి, రాత్రి 9:30

నేను చేప పిల్లల కేంద్రాల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి కర్నూలులో విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. సలహా చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు. వల వేసిన రోజు చేపలు మేత తిన్నాయా? వల ఎన్ని గంటలకు వేశారు? డ్రమ్ములో అంతకుముందు ఏముండేది? కుంటలోకి ఎలా వదిలారు? మూడో ప్రశ్న ముందు వేయాల్సింది. "డ్రమ్ము వాసన" అన్నారు కదా.

చీనీతోట_తాడిపత్రి | 9 ఫిబ్రవరి, రాత్రి 9:48

సార్, ఉన్నదున్నట్టు చెబుతాను. పొద్దున మామయ్య రోజూలాగే తవుడు, గానుగ చెక్క వేశాడు. వల పదకొండు గంటలకు. చేపలు ఏరి, భోజనం చేసి ఒంటిగంటకు బయల్దేరాం. డ్రమ్ము పాత సామాన్ల అంగడిలో కొన్నాను, ఏదో ఘాటు వాసన ఉంటే సబ్బుతో కడిగాను. ఇంటి దగ్గర గట్టు మీద నుంచి డ్రమ్ము వంచి కుమ్మరించాను.

కేసీకాలువ | 9 ఫిబ్రవరి, రాత్రి 10:25

కోప్పడటం లేదు, కానీ మీరు దారి గురించి అడుగుతున్నారు. మీ చేపలు ప్రొద్దుటూరులోనే సగం చచ్చాయి. మిగతా సగం తాడిపత్రి గట్టు మీద చచ్చాయి. దారి చేసిన పాపం తక్కువ.

కడుపు నిండిన చేప డ్రమ్ములో చేసే మొదటి పని విసర్జించడం. అది ఒకవైపు కుళ్ళుతూ నీటిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఇంకోవైపు చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. భయపడిన చేప ఒంటి జిగురు కూడా వదిలేస్తుంది. మీరు చూసిన నురగ ఆ జిగురూ మలమూ కలిసి చిలికినది. నురగ కనిపించిందంటే నీళ్ళు పాడై చాలాసేపయిందని లెక్క.

అందుకే చేపకు ముందు పస్తు పెట్టాలి. వేలెడు పిల్లలకు 24 గంటలు, పెద్ద చేపకు 48 గంటలు. కుంటలోనే గుంజలు పాతి హాపా కట్టి (తెలియని వారికి: నీటిలో దోమతెర లాంటి వల గది) అందులో ఉంచాలి. ఇరుకు చోటుకు అలవాటు పడతాయి, దెబ్బ తగిలినవి అక్కడే బయటపడతాయి. ఎలాగూ చచ్చేదాన్ని బండెక్కించి డీజిలు తగలేయడం ఎందుకు?

ఇక లెక్క. 26 చేపలు అంటే సుమారు 18 కిలోలు, నీళ్ళు 100 లీటర్లు. కిలోకు అయిదున్నర లీటర్లు, గాలి లేదు, మిట్టమధ్యాహ్నం. గాలి యంత్రం ఉన్నా సరే, పెద్ద చేపకు కిలోకు పది లీటర్లకు తగ్గించడం నాకు ఇష్టం ఉండదు. ఎండ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నరే. వేడెక్కిన చేపకేమో ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అంటే ఆదాయం తగ్గి ఖర్చు పెరగడం.

సగం నింపడం ఇంకో పొరపాటు. డ్రమ్ములో ఖాళీ ఉంటే ప్రతి బ్రేకుకూ నీళ్ళు అలలా లేచి చేపను గోడకేసి కొడతాయి. పొలుసు లేచిన చోటే నాలుగో రోజు దూది లాంటి బూజు పడుతుంది. చూశారా?

చీనీతోట_తాడిపత్రి | 9 ఫిబ్రవరి, రాత్రి 10:31

చూశాను సార్. తోక దగ్గర, పక్కల మీద తెల్లగా. నీళ్ళలో ఏదో అంటుకుందనుకున్నాను.

రబ్బరుకప్ప_కడప | 10 ఫిబ్రవరి, ఉదయం 7:05

గాలం వేసేవాడిగా ఒక మాట. అంత వల గోల ఎందుకు? గాలానికి ఎరగా రబ్బరు కప్ప వేసి ఒక్కొక్క కొర్రమీనునూ పట్టి తెస్తే దెబ్బ తక్కువ కదా. మైలవరం జలాశయం వైపు వెళ్ళినా దొరుకుతాయి.

కేసీకాలువ | 10 ఫిబ్రవరి, ఉదయం 8:40

జలాశయాల్లో, ఊరి చెరువుల్లో పట్టే హక్కు లైసెన్సు ఉన్నవారిదో, మత్స్యకారుల సంఘానిదో అయి ఉంటుంది. మేనమామ సొంత కుంట ఉండగా ఆ తగువు ఎందుకు? పైగా బయటి నీళ్ళ చేపతో బయటి జబ్బులూ వస్తాయి. చలికాలం ఇప్పుడే పోతోంది. కొర్రమీనుల మీద ఎర్ర మచ్చలు, పుండ్లు ఉండే కాలం ఇది. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ గుంపు మొత్తం వద్దు. రెక్కల మొదట్లో చేప పేను ఉందేమో చూడండి. కందిబద్ద కంటే చిన్నదే, కంటికి ఆనుతుంది, వేలితో తోస్తే జరుగుతుంది.

రబ్బరుకప్ప_కడప | 10 ఫిబ్రవరి, ఉదయం 9:15

హక్కుల మాట ఒప్పుకుంటాను, జలాశయం వద్దు. గాలం మాత్రం వదలను. కానీ గాలంతో పట్టి వెంటనే బండిలో వేసే వాళ్ళను చూస్తే నాకూ మండుతుంది. పది నిమిషాలు లాగి లాగి అలసిపోయిన చేప మనిషి పరుగు పందెం ముగించినట్టు ఉంటుంది, కండల నిండా ఆమ్లం పేరుకుని. కొక్కెం ముల్లు ముందే పటకారుతో నొక్కేయండి, తీసేటప్పుడు చీలదు. గొంతులో దిగిన దాన్ని తీసుకెళ్ళకండి, అది కూరకే. మిగతావి ఒక రాత్రి హాపాలో. పట్టుకునే చేయి తడిగా ఉండాలి. పొడి తువ్వాలుతో పట్టే వాళ్ళకు దండం. జిగురు మొత్తం తువ్వాలుకే అంటుకుంటుంది, అదే దాని చొక్కా.

బుగ్గవంక | 10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:20

చీనీతోట అన్నగారూ, అరకిలో, కిలో చేపలు మోసుకురావాలన్న పట్టుదల ఎందుకు? మా ఇంట్లో చేప పిల్లల వ్యాపారం, నేను పుట్టక ముందు నుంచీ. బొచ్చె పిల్ల నుంచి ముసలి దాకా సుకుమారమే. శీలావతి కాస్త నయం. పెద్దవి పది తెచ్చే చోట వేలెడు పిల్లలు రెండు వందలు సంచుల్లో హాయిగా వస్తాయి.

సంచి కట్టడం చూసి నేర్చుకునే పని, అయినా రాస్తాను. పొడవాటి మందపాటి పాలిథీన్ సంచులు, ఒకదానిలో ఒకటి రెండు. ముందు నీళ్ళు పోసి ఎత్తి పట్టుకుని కారుతుందేమో చూడాలి. మూడో వంతు నీళ్ళు. పిల్లలను లెక్కపెట్టి వదలాలి. 8 సెంటీమీటర్ల పిల్లలైతే ఆరేడు లీటర్ల నీళ్ళకు నలభై, అంతకు మించి మా నాన్న వేయనివ్వరు. తర్వాత సంచిని నీటి మట్టం దాకా చేత్తో నొక్కి లోపలి గాలి పూర్తిగా పిండేయాలి. చాలామంది మరిచేది ఇదే. గాలి ఉన్నచోట ఆక్సిజన్ ఎక్కడ పడుతుంది? అప్పుడు సిలిండర్ గొట్టం నీళ్ళలోకి దింపి నెమ్మదిగా వదిలితే సంచి లేస్తుంది. మెడ మెలితిప్పి, మడిచి, రబ్బరు బ్యాండు గట్టిగా. వేలితో మీటితే డప్పులా మోగాలి, మెత్తగా ఉంటే విప్పి మళ్ళీ కట్టాలి. అట్టపెట్టెలో పడుకోబెట్టి పెట్టండి, నీటికీ ఆక్సిజన్‌కూ కలిసే చోటు పెరుగుతుంది.

పెన్నఒడ్డు_పామిడి | 10 ఫిబ్రవరి, సాయంత్రం 6:10

తాడిపత్రి అంటే మాకు పక్కనే. నా దగ్గర ఆక్సిజన్ రెగ్యులేటర్, గొట్టం, రెండు గాలి రాళ్ళు (గాలిని చిన్న బుడగలుగా వదిలేవి) ఉన్నాయి. సిలిండర్ అద్దెకు తెచ్చుకోండి, ఇవి నేను ఇస్తాను. సిలిండర్‌ను బండిలో నిలువుగా తాడుతో బిగించండి. డ్రైవరు బీడీ బండి దిగాకే.

చీనీతోట_తాడిపత్రి | 10 ఫిబ్రవరి, రాత్రి 8:00

అన్నా, చాలా పెద్ద సాయం. బుగ్గవంక అమ్మా, మామయ్య చిన్న మడుగులో శీలావతి పిల్లలు ఉన్నాయి, సుమారు మీరు చెప్పిన సైజే. అయితే ప్రణాళిక ఇది: శీలావతి పిల్లలు 200 అయిదు సంచుల్లో, ముప్పావు కిలో కొర్రమీనులు ఎనిమిది డ్రమ్ములో. ఈసారి డ్రమ్ము అంచు దాకా నింపి మూత బిగిస్తాను.

కేసీకాలువ | 10 ఫిబ్రవరి, రాత్రి 8:20

ఆగండి! అంచు దాకా నింపమన్నది శీలావతి, బొచ్చె లాంటి వాటికి. కొర్రమీను అలా కాదు. మొప్పలు ఉన్నా దానికి పైకి వచ్చి నోటితో గాలి మింగాల్సిందే. పైన జానెడు ఖాళీ లేకుండా బిగిస్తే అంత నీటిలోనే ఊపిరాడక చస్తుంది. చేప నీట మునిగి చావడం నా ఉద్యోగంలో కళ్ళారా చూశాను. దానికి వెడల్పాటి తొట్టి కావాలి, వీపు మునిగేంత నీళ్ళు చాలు, పైన తడి గోనె, దాని మీద చిల్లుల మూత, మూతకు తాడు. తాడు మరిచిపోతే అది రోడ్డు మీద దూకుతుంది. సంతలో కొర్రమీను తట్టలో నాలుగు వేళ్ళ నీళ్ళతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎలా బతుకుతుందనుకున్నారు? మీ మూడూ మిగలడానికి కారణమూ అదే. మీ డ్రమ్ము సగం ఖాళీ, వాటికి అది కలిసొచ్చింది.

ఇంకొకటి. కుంటలో ఇప్పటికే మూడు కొర్రమీనులు ఉన్నాయి, ఇంకో ఎనిమిది వేస్తున్నారు. వాటి ముందు వేలెడు శీలావతి పిల్లలు రెండు వందలు వదిలితే అది పెంపకం కాదు, అన్నదానం.

పులుసుప్రియుడు | 10 ఫిబ్రవరి, రాత్రి 8:24

సార్‌కు ఒక వీరతాడు.

చీనీతోట_తాడిపత్రి | 10 ఫిబ్రవరి, రాత్రి 8:45

నవ్వు ఆగలేదు. అయితే మా కుంటలోనే ఒక మూల పెద్ద హాపా కట్టి పిల్లలను అందులో పెంచుతాను. ఎంతయ్యాక వదలొచ్చు సార్?

కేసీకాలువ | 10 ఫిబ్రవరి, రాత్రి 9:02

150 గ్రాములు దాటాక. ముప్పావు కిలో కొర్రమీను నోట్లో అది పట్టదు. హాపా పైన కూడా వల కప్పండి.

హంద్రీనీవా | 11 ఫిబ్రవరి, ఉదయం 6:50

నా కథ చెప్పకుండా ఉండలేను. మూడేళ్ళ కిందట గుత్తి వైపు వస్తూ దారిలో చూస్తే తొట్టిలో బంగారు తీగ చేపలు మూతులు పైకెత్తి నోళ్ళు కొట్టుకుంటున్నాయి. టీ అంగడి ముందు కొళాయి ఉంది. పాపం అనిపించి నాలుగు బిందెలు చల్లటి నీళ్ళు పోశాను. టీ తాగి వచ్చేసరికి అన్నీ పక్కకు ఒరిగాయి. క్లోరిన్. అప్పటి నుంచి బయల్దేరిన కుంట నీళ్ళే రెండు క్యాన్లు వెంట తెచ్చుకుంటున్నాను. కొళాయి నీళ్ళు తప్పనిసరైతే ముందు రోజే వెడల్పాటి తొట్టిలో ఎండకు పెట్టాలి.

మూతులు పైకెత్తితే మొదట చేయాల్సింది గాలి పెంచడం. బండి ఆపితే గతుకుల వల్ల జరిగే కదలిక కూడా పోతుంది, అందుకే ఎక్కువసేపు ఆపకండి.

రబ్బరుకప్ప_కడప | 11 ఫిబ్రవరి, ఉదయం 9:30

ఇంత కష్టపడేటప్పుడు మహసీర్ (పెద్ద ఏటి చేప) వేయొచ్చు కదా? గాలానికి దాని తర్వాతే ఏదైనా.

కేసీకాలువ | 11 ఫిబ్రవరి, ఉదయం 10:15

దానికి పారే చల్లటి నీళ్ళు, రాతి అడుగు కావాలి. ప్లాస్టిక్ షీటు మీద, బోరు నీటిలో దాన్ని పెట్టడం గుర్రాన్ని బావిలో కట్టేయడమే. కావేరిలోని మూపురం మహసీర్ అయితే అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాకు 2018లో చేరింది. దాన్ని పట్టి మోసుకురావాలన్న ఆలోచనే వద్దు. పనిలో పనిగా, ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు చవకగా ఇస్తామంటే పారిపోండి. దాని పెంపకం మన దేశంలో నిషేధం. వాన నీటితో పాటు వాగులో పడితే అక్కడ మిగతావాటికి చోటుండదు.

పెన్నఒడ్డు_పామిడి | 11 ఫిబ్రవరి, సాయంత్రం 5:40

చీనీతోట అన్నా, నాచు పట్టి డ్రిప్ ఫిల్టరు మూసుకుపోతోందని కుంటలో మైలుతుత్తం ఏమైనా వేశారా? మా వైపు చీనీ రైతులు చాలామంది వేస్తారు.

చీనీతోట_తాడిపత్రి | 11 ఫిబ్రవరి, సాయంత్రం 6:05

డిసెంబరులో ఒకసారి వేశాను. ఎంత వేశానో కొలవలేదు, గుడ్డలో మూటకట్టి నీళ్ళలో లాగాను.

కేసీకాలువ | 11 ఫిబ్రవరి, సాయంత్రం 6:30

మైలుతుత్తంలో ఉండేది రాగి, అది చేప మొప్పలకు విషం. బోరు నీరు గట్టి నీరు కాబట్టి కాస్త తీవ్రత తగ్గి ఉండొచ్చు, అయినా ఆ నీటిని చీనీ చెట్లకు వదిలేసి కొత్త నీళ్ళు నింపండి. బోరు నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎక్కువ. గొట్టాన్ని నీటిలో ముంచకండి. గట్టు మీద బండలు పేర్చి వాటి మీద పడి చిట్లేలా వదలండి. నింపాక వారం ఆగండి. ముందు నాలుగు పిల్లలను చిన్న హాపాలో పెట్టి రెండు రోజులు చూడండి. అవి బతికితే మిగతావి తెచ్చుకోవచ్చు. మైలుతుత్తం ఇక ఆ కుంటలో పడకూడదు. నాచు సంగతి గడ్డిచేప చూసుకోదు, అది ఆకులూ గడ్డీ తింటుంది. ఫిల్టరును చేత్తో కడుక్కోవడమే.

బుగ్గవంక | 11 ఫిబ్రవరి, రాత్రి 8:15

ప్లాస్టిక్ కుంటకు నాలుగు వైపులా ముడులు వేసిన తాళ్ళు కట్టారా అన్నగారూ? పిల్లలు గాలం వేస్తారన్నారు. ఆ షీటు మీద జారితే పెద్దవాళ్ళు కూడా పైకి రాలేరు. చేపల సంగతి తర్వాత, ముందు తాళ్ళు కట్టించండి.

చీనీతోట_తాడిపత్రి | 11 ఫిబ్రవరి, రాత్రి 8:22

లేవమ్మా. రేపే కట్టిస్తాను.

చీనీతోట_తాడిపత్రి | 25 ఫిబ్రవరి, రాత్రి 9:10

వెళ్ళొచ్చాను. పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

కుంట సగానికి పైగా ఖాళీ చేసి నింపాను. మూడు కొర్రమీనులూ అడుగున మిగిలిన నీటిలోనే ఉండిపోయాయి, పట్టడానికి దిగితే బురద కూడా లేని ఆ షీటు మీద నేనే రెండుసార్లు పడ్డాను. వదిలేశాను. పరీక్షకు పెట్టిన నాలుగు పిల్లలు బతికాయి.

మామయ్యకు పస్తు మాట ఎంత చెప్పినా ఎక్కలేదు. "ఊరికి పోయే బిడ్డకు అన్నం పెట్టకుండా పంపుతామా?" అన్నాడు. ఒక రోజు ముందే వెళ్ళి హాపా పక్కన మంచం వేసుకుని కాపలా పడుకున్నాను. రాత్రి టార్చి వేసి చూస్తే ఆయన తవుడు గిన్నెతో వస్తున్నాడు.

తెల్లవారుజామున మూడున్నరకు సంచులు కట్టడం మొదలుపెట్టాం. మొదటిది డప్పులా మోగలేదు, విప్పి మళ్ళీ కట్టాం. నీటిలో లీటరుకు రెండు గ్రాముల లెక్కన రాళ్ళ ఉప్పు కలిపాం. కొర్రమీనులు రెండు తొట్లలో నాలుగేసి, తడి గోనె, తాడు. నాలుగున్నరకు బండి కదిలింది. జమ్మలమడుగు దాటాక ఒక్కసారే ఆపి చూశాం. ఒక తొట్టిలో గోనె కింద టప్ మని శబ్దం, గాలి మింగే చప్పుడు. దానికి అంత సంతోషపడతానని అనుకోలేదు.

ఏడు లోపల తోట చేరాం. సంచులు విప్పకుండా హాపాలో తేలేశాను. అరగంట తర్వాత విప్పబోతుంటే ఒక అనుమానం వచ్చింది. విప్పాక సంచిలోకి కుంట నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ ఇంకో గంట ఉంచమని ఎక్కడో చదివాను. కానీ ఎందుకో ఆగి సార్‌కు సందేశం పెట్టాను, వెంటనే జవాబు వచ్చింది, అది ఆయనే ఇక్కడ రాస్తే బాగుంటుంది. పిల్లలు సంచుల్లో మూడు చచ్చాయి, మూడూ ఒకే సంచిలో. కొర్రమీనులు ఎనిమిదికి ఎనిమిది.

కేసీకాలువ | 25 ఫిబ్రవరి, రాత్రి 9:45

మూసిన సంచిలో చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు నీటిని పులుపెక్కిస్తుంది. ఆ పులుపు వల్లే అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో అణిగి ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు లేచిపోతుంది, పులుపు తగ్గుతుంది, అణిగి ఉన్న అమ్మోనియా విషమై లేస్తుంది. కాబట్టి వేడి సర్దుబాటు అంతా సంచి కట్టి ఉండగానే. విప్పాక రెండు మూడు సార్లు దోసిలితో కుంట నీళ్ళు పోసి వెంటనే వదిలేయాలి. సంచి నీళ్ళు వీలైనంత వరకు బయట పారబోయాలి. గంటసేపు పోసే పద్ధతి తెరిచి ఉన్న తొట్టికి, అది కూడా గాలి ఆడుతూ ఉంటే.

ఆ మూడు చచ్చిన సంచి అడుగు తడిగా ఉందా?

చీనీతోట_తాడిపత్రి | 25 ఫిబ్రవరి, రాత్రి 9:52

అట్టపెట్టె అడుగు మెత్తబడి ఉంది సార్. చూస్తే సూది మొనంత చిల్లు. పెట్టెకు కొట్టిన పిన్ను లోపలికి వచ్చి ఉంది.

బుగ్గవంక | 25 ఫిబ్రవరి, రాత్రి 10:05

పెట్టె లోపల పాత వార్తాపత్రికలు పరవమని రాయడం మరిచాను. తప్పు నాది.

హంద్రీనీవా | 1 మార్చి, ఉదయం 7:20

నాలుగో రోజు దాటింది. ఎన్ని పోయాయి?

చీనీతోట_తాడిపత్రి | 1 మార్చి, రాత్రి 8:30

మూడో రోజు అయిదు, నాలుగో రోజు రెండు. నిన్నా ఇవాళా ఏమీ లేవు. మొదటి రోజంతా మేత వేయలేదు, ఇప్పుడు చెక్క చల్లితే హాపాలో నీళ్ళు మరుగుతున్నట్టు లేస్తున్నాయి. 190 ఉన్నాయి. కొర్రమీనులు పగలు కనబడవు. పగిలిన కుండలు, పాత సిమెంటు పైపులు వేశాను, వాటిలో దూరాయి. తెల్లవారాక గట్టు మీద కూర్చుంటే అక్కడొకటి ఇక్కడొకటి మూతి తేలుతుంది. ఒకటి మాత్రం రోజూ హాపా వల పక్కనే. మిగతా వాటికంటే లావు, జనవరిలో తెచ్చినదే అయి ఉంటుంది.

రబ్బరుకప్ప_కడప | 1 మార్చి, రాత్రి 8:41

దాన్ని నాకు వదిలేయండి. వాన పడితే గట్టు దాటి పోతాయి, చుట్టూ మూడడుగుల వల పాతించండి.

చీనీతోట_తాడిపత్రి | 1 మార్చి, రాత్రి 8:50

రండి అన్నా, కానీ ముల్లు నొక్కిన కొక్కెంతోనే. పామిడి అన్నా, రెగ్యులేటర్ ఆదివారం తెచ్చిస్తాను. వాషరు ఒకటి అరిగి ఉంటే కొత్తది వేయించాను. చీనీకాయలు ఒక గంప కూడా పెడుతున్నాను.